నూకమ్మ మెడలో హారం

నూకమ్మ మెట్లెక్కి వస్తుంటే, కింద టైర్ల షాపులో పేర్చిన లారీ టైర్లు వాటంతటవే దొర్లి రోడ్డు మీదకి పారిపోయాయని గోపాలం ఇప్పటికీ ఒట్టేసి చెప్తాడు. అంత కోపం మీద వొచ్చింది ఆవిడ. అరవై దాటిన మనిషి, చెయ్యి పట్టుకుంటే ఎముకలే తగుల్తాయి. గానీ ఆవిడ తలుపు తోసిన తోపుకి గోడ మీద క్యాలెండరు రెండు నెలలు ముందుకి తిరిగిపోయింది.

చేతిలో మడతపెట్టిన పేపరు. దాన్ని శ్రీవిద్య బల్ల మీద ఫట్టుమని కొట్టింది.

"సూడు తల్లీ! నా బొమ్మే. పేపర్లో పడితే ఊరంతా మురిసిపోద్దనుకున్నాను. ఊరంతా నన్ను దొంగంటన్నాది!"

ఈ శ్రీవిద్య గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. దుర్గ్ కోర్టులో పన్నెండేళ్లు స్టెనోగా చేసింది. అన్నేళ్లు జనం చెప్పిన అబద్ధాలన్నీ చేత్తో రాసి రాసి, ఆఖరికి అబద్ధం గొంతులో ఉండగానే దాని వాసన పట్టీసే స్థితికి వొచ్చింది. ఆ ఉద్యోగం మానీసి, సుపేలాలో టైర్ల షాపు మీద గది తీసుకుని, ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు పెట్టింది. గోపాలం ఆవిడ అసిస్టెంటు. యాభై ఏళ్లవాడు, పాత ఆటో డ్రైవరు. ఆవిడ స్కూటరు తోలడం, ఆవిడ బుర్ర చూసి నోరెళ్లబెట్టడం, రెండూ అతని డ్యూటీలే.

ఆ పేపరు ఆదివారం నాటి హిందీ పేపరు. అందులో వారానికొక మనిషి ఫోటో పడతాది, అరపేజీ అంత. ఒకవారం ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ కార్మికుడు, ఒకవారం నర్సు, ఒకవారం రైలు గార్డు, ఒకవారం ఆఫీసరు గారి భార్య, ఒకవారం పూలమ్మే ఆవిడ. పెద్దోళ్లు లేదు, చిన్నోళ్లు లేదు, అందరికీ వెనకాల అదే బూడిదరంగు పరదా. ఈ వారం కార్మికుల బస్తీ క్యాంప్ టూలో ఇడ్లీ బండి నడిపే నూకమ్మ. మొహంలో ముడతలు ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు, అంత బాగా తీశాడు ఫోటోగ్రాఫరు. మెడలో మాత్రం హంస బిళ్ల ఉన్న పెద్ద హారం.

"ఈ హారం నీదా అమ్మా?" అంది శ్రీవిద్య.

"నాదెందుకవుద్ది? స్టూడియో ముసలాయన ఎట్టీసినాడు. బోసిమెడతోటి పేపర్లో పడితే శ్రీకాకుళంలో మావోలు సూసి ఏటనుకుంటారు బాబూ అన్నాను. గిల్టుపెట్టి తీసి, ఇది ఏసుకో, ఫోటో అయ్యాక ఇచ్చీ అన్నాడు. ఏసుకున్నాను. ఇచ్చీసినాను. అంతే!"

"వేసుకుంటే ఎలాగుంది?"

"బరువు. సల్లగా ఉంది. గిల్టు ఇంత బరువుంటాదేటి అనుకున్నాను."

"ఇప్పుడు గొడవేటి?"

"నాను ఎవులింట్లో పన్జేసేదాన్నో ఆ భాగ్యరేఖమ్మ గారిదట ఆ హారం. ఆలింట్లో ఉన్నది నకిలీయట. నానే మార్సీసినానట! ఆదివారం పొద్దున్న కారేసుకొచ్చి, నా బండి కాడ అందరి ముందరా దొంగముండా అంది తల్లీ. ఏడేళ్లు ఆలింట్లో అంట్లు తోమినాను." నూకమ్మ బల్ల మీద పేపర్ని మళ్లీ ఒక్కటేసింది. "ఎస్సై నా ఇల్లంతా తిరగేసి సూసినాడు. ఏటీ నేదు. అమ్మీసినావన్నాడు. రేపు పదింటికి హారం తేకపోతే కేసు రాసీస్తాడట. నిన్నట్నుంచి ఒక్క మనిషి నా బండి కాడికి రాలేదు. పిండి పులిసిపోతే కాలవలో పోసీసినాను."

"మరి స్టూడియో ఆయన ఠాణాలో ఏం చెప్పాడు?"

"ఆవిడే ఏసుకొచ్చింది, నాకేటీ తెలీదు అన్నాడు. తల దించుకుని అన్నాడు."

శ్రీవిద్య పెన్ను మూత పెట్టింది. మూత పెట్టిందంటే కేసు తీసుకున్నట్టే, అది గోపాలానికి తెలుసు. స్కూటరు తాళం తీశాడు.

*

సెక్టార్ తొమ్మిదిలో భాగ్యరేఖ గారి బంగళా. విశ్వకర్మ పూజకి కట్టిన సీరియల్ లైట్లు గేటు మీద ఇంకా విప్పలేదు. ఆవిడ భర్త ప్లాంటులో పెద్ద ఆఫీసరు. ఆవిడ బస్తీ పిల్లలకి ఉచితంగా సంగీతం నేర్పుతాది. అందుకే ఏప్రిల్లో ఆవిడ ఫోటో కూడా పేపర్లో పడింది.

"నూకమ్మ పంపిందా మిమ్మల్ని?" అంది. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. గోపాలం ఆ సంగతి ఇవాళ్టికీ మర్చిపోలేదు.

"నకిలీది ఒకసారి చూపిస్తారా?"

భాగ్యరేఖ తెచ్చి బల్ల మీద పడీసింది. "శ్రావణంలో పెళ్లికి వేసుకున్నాను. చెమట పట్టేసరికి మెడంతా పచ్చగా అయిపోయింది. నలుగురిలో పరువు పోయింది. అది మా అమ్మమ్మ హారం, విజయనగరంలో చేయించింది. హంస కంట్లో ఎర్రరాయి ఊడిపోయి ఉంటుంది. పేపర్లో దాని మెడలో ఉన్నదానికీ అలాగే ఊడిపోయి ఉంది. ఇంకా సాక్ష్యం కావాలా?"

శ్రీవిద్య నకిలీని చేతిలోకి తీసుకుంది. ముందువైపు చూస్తే కన్నతల్లి కూడా పోల్చలేదు. హంస కంట్లో రాయి లేని గుంట కూడా అచ్చం అలాగే ఉంది. తర్వాత తిప్పి, మెడ వెనకాల పెట్టుకునే కొక్కెం చూసింది. బజార్లో దొరికే స్ప్రింగు కొక్కెం.

"అసలుదానికి కూడా కొక్కెం ఇలాంటిదేనా?"

"కాదు. పాము పడగలా ఉంటుంది. తిప్పి పెట్టాలి, నాకు ఎప్పుడూ చేతకాదు. ప్రతి పండక్కీ నూకమ్మే పెట్టేది. అందుకే అంటున్నాను, దాని చేతికి చిక్కినన్నిసార్లు ఇంకెవరికీ చిక్కలేదు!"

శ్రీవిద్య నకిలీని బల్ల మీద పెట్టింది. "ఈ ఏడు ఎప్పుడెప్పుడు బయటికి తీశారు?"

"ఏప్రిల్లో రెండుసార్లు ఫోటోకి. మళ్లీ పెళ్లికి. నూకమ్మ జూన్‌లో పని మానేసింది."

"ఒక ఫోటోకి రెండుసార్లెందుకు?"

"మొదటిసారి హారం మీద లైటు పడి మెరుపొచ్చింది, ఫోటో పాడైంది, అదే హారం వేసుకుని మళ్లీ రండి అని స్టూడియో నుంచి ఫోన్ చేశారు. ఎవరో మగ గొంతు. రెండోసారి మెరుపు తగ్గడానికి పౌడరు రాస్తామని హారం తీసుకుని, లోపలికెళ్లి రాసి తెచ్చారు."

"ఎవరు తీసుకెళ్లారు?"

"లైట్లు కళ్లల్లో కొడుతుంటే ఎవరో ఎలా తెలుస్తుంది? అయినా దొంగ పేపర్లో కనిపిస్తుంటే మీరు స్టూడియో గురించి అడుగుతారేంటి?"

"పేపర్లో మీరూ కనిపించారు కదండీ," అంది శ్రీవిద్య లేస్తూ.

గోపాలం గేటు దాటేదాకా నవ్వు ఆపుకున్నాడు. ఆపుకోడానికి బుగ్గలు ఎంత పొంగాయంటే హెల్మెట్ పట్టలేదట.

*

స్టూడియోలో ఆ పూట నందిని గనుల్లో సున్నపురాయి లారీ తోలే ఆయనకి ఫోటో తీస్తున్నారు. ఆయన కొత్త చొక్కా గుండీలు గొంతుదాకా బిగించుకుని, ఉరిశిక్ష పడ్డట్టు కూర్చున్నాడు.

కెమెరా వెనకాల గురునాథరావు. డెబ్బై ఏళ్లవాడు, తెల్ల మీసం, ఊళ్లో సగం మంది పెళ్లిఫోటోలు ఆయన తీసినవే. పక్కన ఆయన మేనల్లుడు మనోహర్, లైట్లూ కంప్యూటరూ అతని పని. మూల స్టూలు మీద పేపరు ఆఫీసు అమ్మాయి హరిత. ఫోటో కింద రాసే నాలుగు లైన్లూ ఆమెవే.

కుడిపక్క ఒక్క లైటే వెలుగుతోంది. ఎడంపక్క తెల్లగుడ్డ కప్పిన పెద్ద పెట్టెలాంటి లైటు, తల వొంచుకుని, చీకటిగా ఉంది.

"అదేటి, మొహం సగం నల్లగా పడిపోద్ది కదా?" అన్నాడు గోపాలం.

"బల్బు మాడిపోయింది భయ్యా," అన్నాడు మనోహర్. అతని వెనక అలమరలో రెండు కొత్త బల్బులు అట్టపెట్టెల్లో ఉన్నాయి. గోపాలం చూశాడు, గానీ అప్పుడు దాని గురించి ఏటీ అనుకోలేదు.

శ్రీవిద్య నేరుగా ముసలాయన్ని అడిగింది. "నూకమ్మ ఆ హారం వేసుకునే వొచ్చిందా?"

"అవును. ఠాణాలో చెప్పాను కదా. ఆ రోజు మనోహర్ రాయపూర్ వెళ్లాడు, నేనొక్కణ్ణే ఉన్నాను." మాట చెప్తూ లెన్సు తుడుస్తున్నాడు. అప్పటికే మూడుసార్లు తుడిచీసిన లెన్సు.

"భాగ్యరేఖ గారి మొదటి ఫోటో పాడైందట?"

ముసలాయన మీసం లేచి నిలబడింది. "నా ఫోటో పాడవడమా? యాభై ఏళ్లలో ఒక్కటి చూపించండి! ఆవిడకి నచ్చలేదట, మళ్లీ వొచ్చింది. మొదటిది ఇప్పటికీ నా దగ్గరుంది, అద్దంలా ఉంది!"

శ్రీవిద్య హరిత వైపు తిరిగింది. "స్టూడియో నగలు పెట్టి ఫోటో తీస్తే మీకు పర్వాలేదా?"

"బిల్కుల్ నహీ దీదీ! మనిషి ఎలా ఉంటే అలాగే, ఒకటే రూల్. గిల్టు వద్దు, అరువు కోట్లు వద్దు. ఈ దాదాకి, అదే తాతగారికి, మొదటి వారమే చెప్పేశాను, పెట్టారని తెలిస్తే సిరీస్ బంద్ అని. దాదా మీద నమ్మకముంది. మనోహర్ భయ్యాకి కూడా ఈ ఫోటోలంటే ఎంత ప్రాణమో! శనివారం పేజీ వెళ్లిపోయాక ఆఫీసుకి పరిగెత్తుకొచ్చాడు. నూకమ్మ ఆంటీ ఫోటోలో మెరుపుంది, మార్చేయండి అని. చెమటలు కారిపోతున్నాయి పాపం."

"మంచి పనిమంతుడు," అంది శ్రీవిద్య. "మీ దగ్గర పాత ఆదివారం పేపర్లు దొరుకుతాయా?"

ఆ సాయంత్రం ఆవిడ పాతిక వారాల పేపర్లు నేల మీద పరుచుకుని, వాటి మధ్యలో కూర్చుంది. గోపాలం ఎనిమిది టీలు తెచ్చాడు. ఎనిమిదీ చల్లారిపోయాయి. ఆఖరికి ఆవిడ తలెత్తింది. కళ్లు చూసి గోపాలం ఒకడుగు వెనక్కి వేశాడు. ఆవిడకి కోపం రావడం అతను మూడేళ్లలో చూడలేదు.

"రేపు ఎనిమిదింటికి అందర్నీ స్టూడియోకి రమ్మను. ఎస్సైని కూడా."

*

ఎనిమిదింటికి అందరూ వొచ్చారు. భాగ్యరేఖ ముక్కుకి రుమాలు పెట్టుకుని ఒక చివర, నూకమ్మ చేతులు కట్టుకుని ఇంకో చివర. మధ్యలో ఎస్సై వాచీ చూసుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. గురునాథరావు, మనోహర్, హరిత నిలబడ్డారు.

శ్రీవిద్య నకిలీ హారం ఎత్తి పట్టుకుంది.

"ఇది చేయించినవాడు చాలా ఓపికున్నవాడు. ఊడిపోయిన రాయి గుంట కూడా వొదల్లేదు. గానీ కొక్కెం తప్పు చేశాడు. ఎందుకంటే కొక్కెం ఎలా ఉంటాదో అతనికి తెలీదు. హారాన్ని ముందునుంచి, బాగా పెద్దది చేసి చూశాడు గానీ వెనకనుంచి ఎప్పుడూ చూడలేదు. ఫోటోలో మెడ వెనకాల పడదు కదా." భాగ్యరేఖ వైపు తిరిగింది. "ఆ కొక్కెం ఏడేళ్లు తన చేత్తో పెట్టింది ఎవరండీ?"

భాగ్యరేఖ రుమాలు దించింది.

"నూకమ్మ మార్చి ఉంటే ముందు ఆ కొక్కెమే సరిగ్గా చేయించేది. ఇది ఫోటో చూసి చేయించిన హారం."

"మరి అసలు హారం దీని మెడలోకి ఎలా వొచ్చింది?" అన్నాడు ఎస్సై.

"అది గురునాథరావు గారు చెప్తారు."

"నేను చెప్పేశాను. ఆవిడే..."

"ఆపండి!" ఆ అరుపుకి పరదా ఊగిందంటాడు గోపాలం. శ్రీవిద్య సంచీలోంచి మూడు పాత పేపర్లు తీసి గోడకి ఒత్తిపట్టింది. "ఇది జులై, నర్సు. ఇది ఆగస్టు మొదటి వారం, పూలమ్మే ఆవిడ. ఇది ఆగస్టు ఆఖరు, బడిలో ఆయా. చూడండి, ముగ్గురి మెడలోనూ ఒకే గొలుసు! అదే ముత్యం, అదే వొంకర లింకు. ముగ్గురూ ఒకే గొలుసు కొనుక్కున్నారా మాస్టారూ?"

హరిత దగ్గరికొచ్చి చూసింది. "దాదా..." అంది. ఆ ఒక్క మాటకే ముసలాయన కుర్చీలో కూలబడ్డాడు.

"బోసిమెడతో కూర్చోలేం అంటారమ్మా ఆడాళ్లు," అన్నాడు. "మా స్టూడియోలో మా నాన్న నాటినుంచి గిల్టుపెట్టె ఉంది. వాళ్ల ముచ్చట కాదనలేకపోయాను. నేనే పెట్టాను. పెట్టెలో చేతికి ఏది తగిలితే అది తీశాను. అది బంగారమని నాకు తెలీదు, దేవుడి సాక్షిగా తెలీదు."

"తెలీదు, నమ్ముతాను. గానీ ఠాణాలో అబద్ధమని మీకు తెలుసు. పేపర్లో మీ పేరు పోతాదని, ఈ మనిషిని దొంగని చేసి వొదిలీశారు. హారం ఎత్తుకెళ్లినవాడు హారం ఒక్కటే ఎత్తుకెళ్లాడు మాస్టారూ."

నూకమ్మ చేతులు ఇంకా గట్టిగా కట్టుకుంది.

"గిల్టుపెట్టెలో బంగారం ఎవరు పెట్టారు?" అన్నాడు ఎస్సై. ఇప్పుడు వాచీ చూసుకోవడం మానీశాడు.

"మెరుపు అన్నవాడు. ఏప్రిల్లో మెరుపొచ్చింది మళ్లీ రండని భాగ్యరేఖ గారికి ఎవరో ఫోన్ చేశారు. మాస్టారు చెయ్యలేదు, ఆయన ఫోటో అద్దంలా ఉంది. ఆ రెండు ఫోటోలకీ మధ్యలో నకలు తయారైంది. రెండోసారి పౌడరు పేరు చెప్పి లోపలికి తీసుకెళ్లి మార్చీశారు. బంగారం గిల్టులో కలిపీశారు. అంతకంటే భద్రమైన చోటు లేదు. రేపు గోల లేచినా, అయ్యో ఇక్కడే పొరపాటున మారిపోయిందండీ అని నవ్వి తప్పించుకోవచ్చు. గానీ అతను రాయపూర్ వెళ్లిన రోజున మాస్టారు పెట్టెలో చెయ్యి పెట్టారు. శనివారం కంప్యూటర్లో ఆ ఫోటో చూశాడు. పేజీ ఆపడానికి పరిగెత్తాడు. ఏమని? మెరుపుందని. పాతిక వారాలు గిల్టు మెరుస్తుంటే రాని మాట, బంగారం మెరిసిన రోజే వొచ్చింది."

అందరి తలలూ మనోహర్ వైపు తిరిగాయి.

"వాహ్ దీదీ, మంచి కథ," అన్నాడు మనోహర్. "హారం ఏది మరి? చూపించండి. పెట్టె తెరిచి చూసుకోండి."

"పెట్టెలో ఉండదు. ముందు అందరం ఒక గ్రూప్ ఫోటో దిగుదాం. ఆ ఎడం లైటు వెయ్యి."

"బల్బు మాడిపోయిందని చెప్పాను కదా!"

"వెనకాల రెండు కొత్త బల్బులు పెట్టుకుని, ఇరవై ఏళ్లు లైట్లు పట్టినవాడు సగం చీకట్లో ఫోటో తీయిస్తాడా? గోపాలం, స్విచ్చి!"

మనోహర్ అడ్డం రాబోయాడు. గోపాలం పొట్ట అతనికంటే ముందు అక్కడికి చేరింది. టక్కుమని స్విచ్చి పడింది. బల్బు మాడలేదు, ఏమీ కాలేదు, నిక్షేపంలా వెలిగింది. తెల్లగుడ్డ పాలలా మెరిసింది. ఆ పాల మధ్యలో, కిందికి వొంగిన చోట, నల్లగా ఒక నీడ. చుట్టలు చుట్టుకున్న గొలుసు, పక్కనే హంస మెడ.

ఎస్సై గుడ్డ విప్పి హారం తీశాడు. వెనకాల పాముపడగ కొక్కెం వేలాడింది.

మనోహర్ ఒక్కసారిగా మేనమామ మీద విరుచుకుపడ్డాడు. "ఇరవై ఏళ్లు మావయ్యా! లైటు నేను పెట్టాను, మొహం నేను సరిచేశాను, కింద పేరు నీది! నా పేరు ఒక్కసారి వేయించావా? రాయపూర్లో నా బోర్డు నేను పెట్టుకుందామనుకున్నాను. తప్పా?"

"అయితే ఆయన కెమెరా ఎత్తుకెళ్లాల్సింది," అంది శ్రీవిద్య. "ఈవిడ బతుకు ఎందుకు ఎత్తుకెళ్లావు? ఆదివారం నుంచి నోరు తెరవడానికి నీకు రెండు రోజులున్నాయి."

ఎస్సై అతన్ని జీపెక్కించాడు. పది అవ్వడానికి ఇంకా గంట పైనే ఉంది.

భాగ్యరేఖ హారం రుమాల్లో చుట్టుకుని, నూకమ్మ దగ్గరికొచ్చింది. "సారీ నూకమ్మా. ఏదో కోపంలో అనేశాను. మళ్లీ పన్లోకి వొచ్చేయ్."

హరిత కూడా, "ఆంటీ, వచ్చే ఆదివారం పేపర్లో మాఫీ, అదే క్షమాపణ, వేస్తాం," అంది.

నూకమ్మ కట్టుకున్న చేతులు అప్పుడు విప్పింది.

"మా క్యాంపులో ఎవులు సదువుతారమ్మా నీ పేపరు? అమ్మగారూ, మీరు ఇక్కడ అన్లేదు. నా బండి కాడ అన్నారు. ఆ కాడికే రండి."

"అక్కడికా? ఇప్పుడా?"

"అప్పుడు కారేసుకుని రాలేదేటి?"

గురునాథరావు లేచి నిలబడ్డాడు. "నూకమ్మా, నీకు మళ్లీ మంచి ఫోటో తీస్తాను. ఊరికే."

"నీ ఎదురుగుండా నాను మళ్లీ కూకోను బాబూ," అంది నూకమ్మ, ఆయన వైపు చూడకుండానే. "నువ్వూ రా. నువ్వూ సెప్పాల."

క్యాంప్ టూలో అప్పుడు షిఫ్టు దిగినోళ్లు సైకిళ్ల మీద వస్తున్నారు. కారు ఆగగానే జనం మూగారు. ఎంతమందంటే, గోపాలం లెక్క ప్రకారం ప్లాంటులో ఆ పూట పని చెయ్యడానికి మనిషి మిగల్లేదు. నూకమ్మ బండి వెనక్కి వెళ్లి, స్టవ్ వెలిగించి, నిలబడింది.

ముందు గురునాథరావు చెప్పాడు. హారం నేనే పెట్టాను, ఠాణాలో అబద్ధం చెప్పాను అని. చెప్పి, మీసం మీద చెయ్యి పెట్టుకుని పక్కకి జరిగాడు.

భాగ్యరేఖ చీరకొంగు సరిచేసుకుంది. "నూకమ్మ దొంగ కాదు," అంది చిన్నగా.

"ఎనకున్నోలకి ఇనపళ్లేదు," అంది నూకమ్మ.

"నూకమ్మ దొంగ కాదు!"

"ఆ రోజు ఇంకా గట్టిగా అన్నారు."

భాగ్యరేఖ మొహం కందగడ్డయింది. ఒక్కసారి కారు వైపు చూసింది. దారిలో శ్రీవిద్య నిలబడి ఉంది, కదలకుండా. అప్పుడు ఆ సంగీతం నేర్పే గొంతు పూర్తిగా విప్పింది. "నూకమ్మ దొంగ కాదు! తప్పు నాది!" ఆ కేక దుర్గ్ స్టేషన్లో విశాఖపట్నం బండి ఎక్కుతున్నోళ్లకి కూడా వినపడిందని గోపాలం చెప్తాడు. అందులో నిజమెంతో వాళ్లనే అడగాలి.

నూకమ్మ ఇడ్లీ కుక్కరు మూత తీసింది. ఆవిరి గుప్పుమంది. జనంలోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది, పళ్లెం పట్టుకుని. "రెండు పెట్టు పిన్నీ."

నూకమ్మ ఆ చెయ్యి ఎవరిదో చూసింది.

"నువ్వేట్రా? మొన్న నా బండి పక్కనుంచి ఎల్తా తుపుక్కున ఊసినావు. ఎల్లి లైన్లో ఆఖర్న నిల్చో!"

అతను వెళ్లి ఆఖర్న నిలబడ్డాడు. ఆ లైను అప్పటికే సందు మలుపు దాటిపోయింది.